పి.హెచ్.డి. మధ్యలో విరమించే వారికి మాస్టర్స్ పట్టా – పద్ధతి, పరిమితులు

పి.హెచ్.డి.లో చేరిన ప్రతి విద్యార్థికీ సిద్ధాంత గ్రంథం సమర్పించడం సాధ్యపడదు. వర్షాభావం వల్ల క్షేత్ర ప్రయోగాలు విఫలం కావడం, పరిశోధన నిధులు ఆగిపోవడం, మార్గదర్శక ఆచార్యులు మారడం, కుటుంబ బాధ్యతలు, మధ్యలో ఉద్యోగం లభించడం వంటివి ఇందుకు ప్రధాన కారణాలు. అటువంటి విద్యార్థి అప్పటివరకు చేసిన కృషికి గుర్తింపుగా మాస్టర్స్ పట్టా ఇచ్చే పద్ధతి కొన్ని దేశాలలో అమలులో ఉంది.

అమెరికాలో బి.ఎస్సీ. తరువాత నేరుగా పి.హెచ్.డి.లో ప్రవేశం కల్పించే విభాగాలు అనేకం. అక్కడ మాస్టర్స్ పట్టాకు సాధారణంగా 30 సెమిస్టర్ క్రెడిట్లు అవసరం. డాక్టరేట్ విద్యార్థి తొలి సంవత్సరాలలోనే పాఠ్యాంశాలను చాలావరకు పూర్తిచేస్తారు. కనుక విరమించదలచినవారు పరిశోధన వ్యాసం సమర్పించి గాని, వ్యాసం అవసరం లేని పద్ధతిలో తుది పరీక్ష రాసి గాని మాస్టర్స్ పట్టా పొందవచ్చు. కొలంబియా, యేల్ విశ్వవిద్యాలయాలు సిద్ధాంత గ్రంథం మినహా తక్కిన నియమాలన్నీ పూర్తిచేసిన వారికి ఎం.ఫిల్. ప్రదానం చేస్తాయి. బ్రిటన్‌లో సిద్ధాంత గ్రంథం డాక్టరేట్ స్థాయికి చేరనప్పుడు పరీక్షకులు ఎం.ఫిల్.కు సిఫారసు చేయవచ్చు.

ఈ పట్టా దానంతట అదే లభించదు. విద్యార్థి సెమిస్టర్‌లో నమోదై ఉండగానే, నిర్ణీత గడువులోగా దరఖాస్తు చేసుకోవాలి. ఇక్కడ ఎం.ఎస్సీ. (వ్యవసాయం) పూర్తిచేసి అమెరికా వెళ్లిన తెలుగు విద్యార్థులు మరొక అంశం గమనించాలి. అదే విషయంలో రెండవ మాస్టర్స్ పట్టాను అనుమతించని విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. విద్యార్థి వీసా హోదా చదువుతో ముడిపడి ఉంటుంది కనుక, విరమణకు ముందే మార్గదర్శకులను, విదేశీ విద్యార్థుల కార్యాలయాన్ని సంప్రదించడం అవసరం.

భారత వ్యవసాయ విశ్వవిద్యాలయాల పరిస్థితి భిన్నమైనది. ఇక్కడ పి.హెచ్.డి. ప్రవేశానికి మాస్టర్స్ పట్టాయే అర్హత. భారత వ్యవసాయ పరిశోధన మండలి పాఠ్య ప్రణాళిక ప్రకారం మాస్టర్స్‌కు 70 క్రెడిట్లు కాగా, వాటిలో పరిశోధనకు 30. పి.హెచ్.డి.కి 100 క్రెడిట్లలో 75 పరిశోధనకే కేటాయించబడ్డాయి. అందువల్ల మధ్యలో విరమించిన వారి కృషిలో అధిక భాగం పట్టా రూపంలో లెక్కకు రాదు. ఈ రెండు పట్టాల నడుమ ఉండిన ఎం.ఫిల్.ను సైతం విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2022 నిబంధనలు నిలిపివేశాయి.

నష్టం విద్యార్థి ఒక్కరిదే కాదు. రెండు పంట కాలాలపాటు రైతు పొలాలలో సేకరించిన దిగుబడి, నేల పరీక్షల దత్తాంశాలు ప్రయోగ పుస్తకాలలోనే మిగిలిపోతాయి. పరిశోధన వ్యాసంతో కూడిన మాస్టర్స్ పట్టా ఉన్నచోట ఆ దత్తాంశాలు గ్రంథాలయానికి చేరి, తరువాతి పరిశోధకులకు ఉపకరిస్తాయి. అటువంటి అవకాశం లేని మన విభాగాలలో విరమణను ఆమోదించే ముందు సలహా సంఘం మూడు పనులు చేయవచ్చు: పూర్తయిన పాఠ్యాంశాలకు మార్కుల పత్రం ఇప్పించడం, దత్తాంశాలను విభాగంలో భద్రపరచడం, ఫలితాలు సరిపడినంత ఉంటే విద్యార్థి పేరుతో పరిశోధన పత్రంగా ప్రచురించడం. వీటికి కొత్త నిబంధనల అవసరం లేదు.