పెదవి పువ్వులు

తులసికోటకు రోజూ నీళ్ళు పోస్తాం. కాని ఆ వెన్నులోని చిన్న పువ్వును ఎన్నడైనా దగ్గరగా చూశారా, అక్కయ్యలూ? రేకులు కింద గొట్టంలా కలిసి, పైన రెండు పెదవుల్లా విడివడి ఉంటాయి. వృక్షశాస్త్రంలో దీన్ని ‘ద్వి ఓష్ఠాకారం’ అంటారు. ఓష్ఠమంటే పెదవే కదా!

ఈ పెదవులు అందానికే కాదు. తుమ్మిపువ్వు చూడండి. వెడల్పాటి కింది పెదవి తేనెటీగకు వేసిన పీట. దానిమీద వాలి తేనెకోసం తల దూర్చగానే, పై పెదవి చాటున ఉన్న పుప్పొడి ఈగకు అంటుకుని మరో పువ్వుకు చేరుతుంది.

లాటిన్‌లో పెదవిని ‘లేబియం’ అంటారు. 1789లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జుస్యూ ఈ కుటుంబాన్ని ‘లేబియేటి’ పేరుతో వర్ణించాడు. నేను చదువుకున్నదీ అదే. మొన్న మా అమ్మాయికి పాఠం చెప్పబోతే, “తప్పమ్మా, పుస్తకంలో ‘లామియేసి’ అని ఉంది” అంది. చిన్నబోయాను. తీరా చూస్తే అది ‘లామియం’ అనే మొక్కనుబట్టి వచ్చిన పేరు. ఇప్పుడు వాడుక దానిదే ఎక్కువైనా, నామకరణ నియమాలు రెంటినీ ఒప్పుకుంటాయి.

అమ్మల చదువు పాతబడి ఉండొచ్చు. అంతమాత్రాన తప్పయిపోదు సుమండీ!