పిల్లనిమ్మని అడిగిన ఉత్తరం

పెళ్లయిన రెండు వారాలకే ఓడెక్కి, 1812లో ఆసియాకు బయలుదేరిన ఒక అమెరికన్ క్రైస్తవ జంట తొలి పదిహేడు నెలలు

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, బ్రాడ్‌ఫర్డ్ అనే ఊళ్లో కాపురముండే జాన్ హాసెల్టైన్‌కు 1810లో ఆయన కూతురు ఆన్‌ను పెళ్లాడదలచిన అడోనిరాం జడ్సన్ అనే వేదాంత విద్యార్థి రాసిన ఉత్తరం, ప్రొటెస్టెంట్ మిషనరీల చరిత్రలో అందరూ ప్రస్తావించేదే అయినా, నింపాదిగా చదివినవారు తక్కువ. పిల్లనడిగే ఉత్తరంలో చదువు, ఆస్తి, వంశమర్యాద చెప్పుకోవడం ఏ దేశంలోనైనా ఆనవాయితీ కాగా, ఈ ఉత్తరం పిల్లనిస్తే ఆమెకు రాబోయే కష్టనష్టాలను వరసపెట్టి ఏకరువు పెడుతుంది. వచ్చే వసంతంలో కూతురిని సాగనంపి ఈ లోకంలో ఇక ఆమెను చూడకుండా ఉండటానికి తండ్రి ఒప్పుకుంటాడా అన్నది మొదటి ప్రశ్న. సముద్రం మీది ప్రమాదాలు, హిందూదేశపు ఎండలు, లేమి, అవమానం, హింస, బహుశా ఘోరమైన చావు అన్నవి ఆ తరువాత ఒకదాని మీద ఒకటి వస్తాయి. వాటన్నిటికీ ఒప్పుకోవలసిన కారణం కూడా అక్కడే ఉంది: పరలోకాన్ని విడిచివచ్చి ప్రాణమిచ్చిన క్రీస్తు కోసమూ, నశించిపోతున్నారని రచయిత నమ్మిన అన్యజనుల ఆత్మల కోసమూ ఈ త్యాగం చేయాలనీ, ఆమె మూలంగా రక్షణ పొందినవారు ఆ లోకంలో దేవుణ్ణి స్తుతిస్తుండగా తండ్రీ కూతుళ్లు తిరిగి కలుసుకుంటారనీ అతడు ఆశ చూపుతాడు.

ఉత్తరం కట్టుబాటులోనే ఒక ఒత్తిడి ఉంది. ప్రతి వాక్యమూ ఒప్పుకుంటారా అనే అడుగుతుంది గనుక, కాదనే తండ్రి పెళ్లికొడుకును నిరాకరించినట్లు కాక తన భక్తినే తాను శంకించుకున్నట్లవుతుంది. రాసినవాడికి అప్పటికి ఇరవై రెండేళ్లు. హిందూదేశాన్ని గాని, తరువాత కాపురముండబోయే బర్మాను గాని చూసినవాడు కాడు. అయినా అతడు దాపరికం లేకుండా రాశాడన్నది కూడా ఒప్పుకోవాలి. ఆ ఉత్తరంలో ఒక్క తీపి అబద్ధమూ లేదు. ప్రేమ అన్న ప్రసక్తి వెతికినా సరిగా దొరకదు. తండ్రి నిర్ణయాన్ని కూతురికే వదిలిపెట్టాడు.

బ్రాడ్‌ఫర్డ్ అకాడమీలో చదువుకుని బడిపంతులమ్మగా పనిచేసిన ఆన్‌కు అప్పుడు ఇరవయ్యేళ్లు. 1810 జూన్‌లో ఆ ఊళ్లో జరిగిన బోధకుల సభకు వచ్చిన జడ్సన్, ఆమె ఇంటి భోజనాల బల్ల దగ్గరే ఆమెను మొదటిసారి చూశాడు. ఆ సభ ఫలితంగానే పరదేశాలకు బోధకులను పంపే అమెరికన్ బోర్డు అనే సంస్థ పుట్టింది. సెప్టెంబరులో ఆన్ ఒక స్నేహితురాలికి రాసిన లేఖను జడ్సన్ ఉత్తరం పక్కన పెట్టి చూస్తే, ఇద్దరి ఆలోచనల మధ్య దూరం తెలుస్తుంది. తనకు తెలిసినంతలో అమెరికా తీరం దాటి అన్యజనుల మధ్య బతుకు గడపడానికి ఏ స్త్రీ ఇంతవరకు వెళ్లలేదనీ, తోడుగా ఒక్క ఆడమనిషైనా వస్తుందో రాదో తెలియదనీ ఆమె రాసింది. అతడు చావును లెక్కలోకి తీసుకున్నాడు గాని, మాట్లాడుకోవడానికి తోటి ఆడది లేని కాపురం ఎలా ఉంటుందన్నది అతని జాబితాలో లేదు.

1812 ఫిబ్రవరి 5న పెళ్లి, మరునాడు అమెరికాలోని సేలం రేవుపట్నంలో అతనికి బోధకుడిగా అభిషేకం, 19న కారవాన్ అనే చిన్న సరకుల ఓడ మీద కలకత్తాకు ప్రయాణం. అదే ఓడలో మరో కొత్త జంట, సామ్యూల్ న్యూవెల్, హారియెట్ ఉన్నారు. నాలుగు నెలల ప్రయాణంలో ఒళ్లు కదలక ఆరోగ్యం చెడుతున్నదని ఈ నలుగురు భక్తిపరులూ ఓడ మీద తాడాట ఆడటం, కాస్త గంతులు వేయడం కూడా సాగించారు. మిషనరీ జీవితచరిత్రలు ఇలాంటి సంగతులను ఒక్క వాక్యంతో దాటవేస్తాయి గాని, కొత్త దంపతులు అన్నమాట నమ్మదగినదిగా కనిపించేది ఇక్కడే.

ఉత్తరం ఊహించని మొదటి చిక్కు ఇంట్లోనే పుట్టింది. జడ్సన్ దంపతులు పసిబిడ్డలకు కూడా నీళ్లు చిలకరించి బాప్తిస్మమిచ్చే కాంగ్రెగేషనల్ సంఘానికి చెందినవారు. కలకత్తా దగ్గర శ్రీరాంపూర్‌లో వారికి ఆతిథ్యమివ్వబోయే విలియం కేరీ బృందం, విశ్వసించిన పెద్దలను మాత్రమే నీటిలో ముంచి బాప్తిస్మమిచ్చే బాప్టిస్టులు. వారితో వాదం వస్తే జవాబు చెప్పాలని ఓడలో గ్రంథాలు తిరగేసిన జడ్సన్‌కు అవతలివాళ్లదే సరైన పక్షమేమోనన్న అనుమానం పట్టుకుంది. ఆన్ అతణ్ణి ఆ దారి పట్టవద్దన్నది; నువ్వు బాప్టిస్టువైతే నేను మాత్రం కానని పదేపదే చెప్పింది. ఆ తరువాత తానే పుస్తకాలు ముందేసుకుని రెండు పక్షాలూ చదివి, భర్త వైపుకే వచ్చింది. 1812 సెప్టెంబరు 6న కలకత్తా లాల్‌బజార్ ప్రార్థన మందిరంలో కేరీ బృందంలోని విలియం వార్డ్ ఇద్దరికీ బాప్తిస్మమిచ్చాడు. భర్త మాటే తన మాటగా నడిచిందని తరువాతి రచయితలు కొందరు తేల్చేశారు గాని, ఆమె ఉత్తరాల్లో కనిపించేది ముందు ఎదురు చెప్పి, ఆపైన సొంతంగా తేల్చుకున్న మనిషి.

ఈ మార్పుకు చెల్లించుకున్న మూల్యం డబ్బు. పంపిన బోర్డు కాంగ్రెగేషనల్ వారిది కాబట్టి జడ్సన్ రాజీనామా చేయక తప్పలేదు. పెళ్లయి ఏడు నెలలు తిరిగేసరికి ఈ జంట జీతమిచ్చే సంస్థ లేకుండా, సగం ప్రపంచం అవతల నిలబడింది. వెంటనే వారిలాగే బాప్టిస్టుగా మారిన తోటి మిషనరీ లూథర్ రైస్ అమెరికాకు తిరిగివెళ్లి చందాలు కూడగట్టాక, 1814లో ఫిలడెల్ఫియాలో బాప్టిస్టుల మిషన్ సమాఖ్య ఏర్పడింది.

రెండో చిక్కు ఈస్ట్ ఇండియా కంపెనీ కాగితాలు. తన పాలనలో మతబోధకులు, అందులోనూ అమెరికన్లు, తిరగడం కంపెనీకి గిట్టలేదు. పైగా వీరు కలకత్తా చేరిన మరునాడే, 1812 జూన్ 18న, అమెరికా బ్రిటన్‌పై యుద్ధం ప్రకటించింది, ఆ వార్త అక్కడికి చేరడానికి నెలలు పట్టినా. తిరిగి అమెరికాకే పొమ్మన్న ఉత్తర్వు మొదట వచ్చింది. తరువాత ఇంగ్లండు వెళ్లే ఓడ ప్రయాణికుల పట్టీలో వీరి పేర్లు ఎక్కాయి. అనుమతి చీటీ లేకుండా రాత్రివేళ ఐల్ ఆఫ్ ఫ్రాన్స్ (నేటి మారిషస్) వెళ్లే ఓడ ఎక్కితే, హుగ్లీ నదిలో కొంత దూరం పోగానే ప్రభుత్వ మనిషి వచ్చి ఓడను ఆపాడు. ఒడ్డున దిగి దిక్కుతోచక ఉండగా ఎవరు పంపారో తెలియకుండా అనుమతి చీటీ అందింది. అప్పటికే కదిలిపోయిన ఓడ కోసం పడవ మీద నది దిగువకు పరుగెత్తితే, సాగర్ దగ్గర అది ఇంకా లంగరు వేసే ఉంది. అవమానం, హింస అని ఉత్తరంలో రాసినప్పుడు జడ్సన్ మనసులో అన్యరాజుల చెరసాలలు మెదిలి ఉంటాయి. ఈ జంటను మొదట తరిమినది సాటి క్రైస్తవుల కంపెనీ గుమాస్తాలు.

మారిషస్ నుంచి మద్రాసుకు, అక్కడ 1813 జూన్‌లో మళ్లీ ఇంగ్లండు పంపేస్తారన్న భయంతో, ఆ వేళకు రేవులో దొరికిన ఏకైక ఓడ అయిన జార్జియానా మీద రంగూన్‌కు. బర్మాకు వెళ్లవద్దని తెలిసినవారంతా హెచ్చరించినా, కంపెనీ చేయి అందనిది అదొక్కటే. నిండు గర్భిణి అయిన ఆన్‌కు సాయంగా కుదుర్చుకున్న స్త్రీ ఓడ కదిలిన కాసేపటికే చనిపోయింది. మొదటి బిడ్డ ఆ ముసలి ఓడలోనే ప్రాణం లేకుండా పుట్టింది. భర్త తప్ప దగ్గర మరో మనిషి లేదు. తోటి ఆడది గురించి మూడేళ్ల ముందు స్నేహితురాలికి రాసిన భయం ఇలా నిజమైంది.

జులై 13న రంగూన్ చేరాక నడవలేని ఆన్‌ను కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీకి వెదుళ్లు కట్టి, మనుషులు భుజాల మీద మోసుకెళ్లారు. దారిలో దించినప్పుడు బర్మా ఆడవాళ్లు చుట్టూ మూగి, ఆమె తలమీది టోపీ అంచు కిందికి వంగి ముఖంలోకి చూశారు. ఆమె నవ్వితే వాళ్లూ పక్కున నవ్వారు. ఈ సంగతి ఆమె స్వయంగా రాసినదే. నశించిపోతున్న ఆత్మలుగా తప్ప ఆ ఉత్తరంలో చోటు దొరకని మనుషులు, కుతూహలం గల ఇరుగుపొరుగుగా కనిపించేది ఇక్కడ మొదటిసారి. బౌద్ధవిహారాల్లో మగపిల్లలకు చదువు చెప్పే ఆనవాయితీ గల, తాళపత్ర గ్రంథాల దేశం అది. చీకటిలో మగ్గే జాతి అన్న వర్ణన దానికి అతకదు.

భాష నేర్పడానికి కుదిరిన పండితుడికి ఇంగ్లీషు రాదు, వీరికి బర్మీ రాదు. ఆడదానికి పాఠం చెప్పడం తన స్థాయికి తక్కువనుకుని అతడు మొదట్లో ఆన్‌ను పట్టించుకోలేదు. ఆమె పట్టు, జడ్సన్ సమ్మతి చూశాక దారికొచ్చాడు. జడ్సన్ రోజంతా గ్రంథాల ముందు కూర్చునేవాడు, ఆన్ నౌకర్లతో, బజారు సరకులతో, ఇంటి లెక్కలతో గడిపేది. వ్యాకరణం తనకంటే భర్తకే బాగా తెలుసుననీ, అయితే పొద్దస్తమానం బర్మీలోనే మాట్లాడక తప్పదు కాబట్టి మాట్లాడటంలోను, ఎదుటివారి మాట గ్రహించడంలోను తానే ముందున్నాననీ ఆమె రాసింది. బర్మీ బైబిలు అనువాదం అనగానే ఒక్క జడ్సన్ పేరే చెప్పే అలవాటు, ఈ ఒక్క వాక్యం చదివినవారికి కాస్త ఇబ్బందిగానే తోస్తుంది.

మిగిలిన చరిత్ర అందరికీ తెలిసినదే. తొలి బర్మీ విశ్వాసికి బాప్తిస్మం 1819లో, అంటే ఆరేళ్ల తరువాత. 1824లో ఆంగ్లో-బర్మీ యుద్ధం రాగానే గూఢచారి అన్న అనుమానంతో జడ్సన్ బర్మా రాజధాని ఆవాలో చెరసాల పాలయ్యాడు, ఆన్ ఏడాదిన్నర పైగా అధికారుల గుమ్మాలు ఎక్కి దిగి అతణ్ణి బతికించుకుంది. 1826 అక్టోబరు 24న ఆమె జ్వరంతో చనిపోయింది, ఆరు నెలలకు పసికూతురూ పోయింది. బైబిలు అనువాదం 1834లో పూర్తయింది. ఆ తరువాత రెండుసార్లు పెళ్లాడిన జడ్సన్ 1850లో సముద్రం మీదే కన్నుమూశాడు.

హారియెట్ మాట

కారవాన్‌లో వచ్చిన రెండో పెళ్లికూతురు హారియెట్ న్యూవెల్ కథ తొమ్మిదిన్నర నెలల్లో ముగిసింది. 1812 ఫిబ్రవరి 9న పెళ్లి. ఆగస్టులో కలకత్తా నుంచి మారిషస్‌కు ప్రయాణం. ఓడలో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయిదు రోజులకే పోయింది. క్షయతో ఆమె నవంబరు 30న, పందొమ్మిదేళ్ల వయసులో మరణించింది. జడ్సన్ దంపతులు జనవరిలో ఆ ద్వీపం చేరేసరికి ఎదురైన వార్త అదే. ఆమె దినచర్య, ఉత్తరాలు కలిపి 1814లో వెలువడిన పుస్తకం అమెరికాలో ఎన్నోసార్లు అచ్చయింది. ఒక్కరికైనా బోధించే అవకాశం దక్కని యువతి మరణం, బతికి పనిచేసిన చాలామంది కృషి కంటే ఎక్కువ మందిని మిషన్ల వైపు మళ్లించిందని ఆనాటివారు గర్వంగా చెప్పుకున్నారు. ఆ గర్వంలో కొంత కర్కశత్వమూ లేకపోలేదు.

తెలుగు సీమతో చుట్టరికం

మద్రాసులో మూడు వారాల లోపే సాగిన మజిలీ తప్ప జడ్సన్ దంపతులకు ఈ ప్రాంతంతో నేరు సంబంధం లేదు. అయితే జీతంలేని ఆ జంటను పోషించడానికి పుట్టిన బాప్టిస్టు సమాఖ్యే తరువాత సామ్యూల్ డేను తెలుగువారి మధ్యకు పంపింది. 1836లో విశాఖపట్నంలో దిగిన అతడు 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. ఎదుగూ బొదుగూ లేదంటూ ఆ మిషన్‌ను మూసివేసే ప్రతిపాదనలు అమెరికాలో ఒకటికి రెండుసార్లు వచ్చాయి. ఒంగోలులో అదే మిషన్ బోధకుడు జాన్ క్లౌ పనిచేసిన కాలానికి పరిస్థితి తలకిందులై, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అది 1876–78 నాటి మహాకరువు వెన్నంటి వచ్చిన సంఖ్య. తిండికోసం మతం మార్చుకునేవారు చేరతారన్న శంకతో క్లౌ కరువు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపి, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగానికి గుత్త పట్టి కూలి మాత్రం ఇప్పించాడు.