తాపీ పట్టిన ఇంటి నుంచి ఆర్కిటెక్టు రావాలి

ఇల్లు కట్టడం తెలిసిన కుటుంబాలు మన సమాజంలో తక్కువేమీ కావు. తాపీ మేస్త్రీలు, వడ్రంగులు, సెంట్రింగు పనివారు, టైల్స్ వేసేవారు, పెయింటర్లు ప్రతి బస్తీలోనూ ఉన్నారు. గల్ఫ్ దేశాల్లో లేచిన ఎన్నో భవనాల్లో మనవాళ్ల చెమట కలిసి ఉంది. అయితే ఆ భవనం ఎలా ఉండాలో ముందుగా కాగితం మీద గీసిన చేయి ఎవరిది? నక్షా ఒకరిది, కష్టం మరొకరిది అన్నట్టు ఇంకా ఎన్ని తరాలు సాగాలి? పదో తరగతి చదువుతున్న పిల్లలున్న ప్రతి తల్లీ తండ్రీ ఆలోచించవలసిన ప్రశ్న ఇది.

నేర్పుకు దక్కిన గౌరవం

దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) మదీనా చేరాక చేపట్టిన తొలి పనుల్లో మస్జిద్ నిర్మాణం ఒకటి. పచ్చి ఇటుకల గోడలు, ఖర్జూర మానుల స్తంభాలు, ఖర్జూర మట్టల కప్పు. ఆ ఇటుకలను ఆయన స్వయంగా మోశారు. యమామా ప్రాంతం నుంచి వచ్చిన హజ్రత్ తల్ఖ్ బిన్ అలీ (రజి) మట్టి కలపడంలో చూపిన నేర్పును గమనించి, ఆ పనిని ఆయనకే వదలమని ప్రవక్త (సఅసం) చెప్పినట్లు హదీసు గ్రంథాల్లో ఉంది. ఎవరికి ఏ పనిలో నేర్పు ఉందో గుర్తించి ఆ పనిలో ముందుకు పంపడం ప్రవక్త (సఅసం) మనకు చూపిన పద్ధతి. మన ఇంట్లో బొమ్మలు గీసే కుర్రవాణ్ణి ‘పనికిమాలిన గీతలు’ అని కసిరేముందు ఈ సంగతి గుర్తు తెచ్చుకోవాలి.

వడ్రంగం నుంచి సులేమానియా దాకా

ఉస్మానీ సామ్రాజ్యపు మహా శిల్పి మేమార్ సినాన్ వడ్రంగం నేర్చుకుని మొదలుపెట్టినవాడే. సైన్యంలో చేరి వంతెనలు కట్టాడు. దండయాత్రల్లో తిరిగిన ప్రతి దేశంలోనూ పాత కట్టడాలను శ్రద్ధగా చూశాడు. సుమారు యాభై ఏళ్ల వయసులో రాజ్య ప్రధాన శిల్పి అయ్యాడు. ఇస్తాంబుల్‌లోని సులేమానియా మస్జిదు 1557లో పూర్తయింది. ఎదిర్నె పట్టణంలోని సెలీమియా మస్జిదును కట్టేనాటికి ఆయనకు ఎనభై ఏళ్లు పైబడ్డాయి. షహ్‌జాదా మస్జిదు తన శిష్యరికపు పని అనీ, సులేమానియా పనితనం వచ్చాక కట్టినదనీ, సెలీమియా ఉస్తాదు పని అనీ ఆయన భావించినట్లు చెబుతారు. ఎంతటి ఉస్తాదైనా ఒకప్పుడు శిష్యుడే. ఈ విద్యలో తొందర పనికిరాదు.

ఈ విద్య అంటే ఏమిటి?

ఇంజనీరుకూ ఆర్కిటెక్టుకూ తేడా చాలామందికి తెలియదు. కట్టడం కూలకుండా నిలవడానికి స్తంభం ఎంత లావుండాలి, ఇనుము ఎంత పడాలి అని లెక్క కట్టేది స్ట్రక్చరల్ ఇంజనీరు. ఆ కట్టడంలో మనిషి ఎలా బతుకుతాడు, గాలి ఎటు నుంచి వస్తుంది, ఎండ ఏ వేళ ఏ గోడను తాకుతుంది, ముసలివారు మెట్లెలా ఎక్కుతారు, ఆడవారికి పరదా ఎలా కుదురుతుంది అని ఆలోచించి నక్షా తయారు చేసేది ఆర్కిటెక్టు. వంద గజాల జాగాలో ముగ్గురు అన్నదమ్ముల కుటుంబాలు సర్దుకునే ఇళ్లు మన బస్తీల్లో కోకొల్లలు. అలాంటి ఇంటికి మంచి నక్షా ఎంత అవసరమో అందులో పెరిగిన పిల్లవాడికి ఒకరు చెప్పనక్కరలేదు.

ఇంట్లోనే మొదటి పాఠం

కాలేజీలో చేరేదాకా ఆగనవసరం లేదు. ఒక టేపు, ఒక స్కేలు, పెన్సిలు, తెల్ల కాగితాలు చాలు. మొదట తాము ఉంటున్న గదిని కొలవాలి. అడుగుకు పావు అంగుళం చొప్పున గీస్తే 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల గది కాగితం మీద 3 అంగుళాలు, రెండున్నర అంగుళాలు అవుతుంది. అందులో తలుపులు, కిటికీలు, మంచం, బీరువా చోటు గుర్తించాలి. తర్వాత ఇల్లంతా గీయాలి. ఏ గదిలో పగలు కూడా లైటు వేయాల్సి వస్తోంది, ఎందుకు అని రాసుకోవాలి. కిటికీ ఎక్కడ మారిస్తే ఆ లోటు తీరుతుందో అదే నక్షాలో మళ్లీ గీసి చూడాలి. ఈ విద్యలో అసలు పాఠం ఇదే.

రెండో పాఠం ఖిబ్లా. హైదరాబాదు నుంచి కాబా దిశ నేరుగా పడమర కాదు. పడమర నుంచి ఉత్తరం వైపు సుమారు 13 డిగ్రీలు జరిగి ఉంటుంది. అందుకే రోడ్డుకు సమాంతరంగా గోడలు కట్టిన కొన్ని మస్జిదుల్లో సఫ్‌లు ఏటవాలుగా పరుస్తారు. జాగా ఒక దిశలో, ఖిబ్లా ఇంకో దిశలో ఉన్నప్పుడు కట్టడాన్ని ఎలా మలచాలి? మీ వీధి మస్జిదును తీసుకుని పిల్లవాణ్ణి గీయమనండి.

మూడో పాఠం పాత కట్టడాలు. 1591 నాటి చార్మినార్‌కు నాలుగు పక్కలా నాలుగు కమానులు, పై అంతస్తులో పడమటి వైపు మస్జిదు. దగ్గరలోనే మక్కా మస్జిదు. ఒకరోజు ఒక్క కమాను మాత్రమే చూసి గీయాలి. రాళ్లు ఒకదానిపై ఒకటి ఎలా ఆనుకుని బరువును కిందికి దింపుతున్నాయో గమనించాలి. తండ్రి మేస్త్రీ అయితే సెలవుల్లో పని జరిగే చోటికి వెంట వెళ్లి తూకం గుండు, మూలమట్టం, రసమట్టం ఎందుకు వాడతారో అడిగి తెలుసుకోవాలి. ఈ గురువుకు ఫీజు లేదు.

తలుపు మూసుకునేది ఇక్కడే

మన పిల్లలు ఈ దారిలో వెనకబడేది ప్రతిభ లేక కాదు, ఇంటర్‌లో గ్రూపు ఎన్నుకునేటప్పుడే. బి.ఆర్క్. చేరాలంటే ఇంటర్‌లో గణితం, భౌతిక శాస్త్రం ఉండి తీరాలి. కనుక ఎం.పి.సి. తీసుకోవాలి. గణితం లేని బై.పి.సి., సి.ఇ.సి. గ్రూపుల వారికి ఈ దారి మూసుకుపోతుంది. పదో తరగతి తర్వాత గణితంతో మూడేళ్ల డిప్లొమా చేసిన వారికి మాత్రం అవకాశం ఉంది. ‘లెక్కలు ఆడపిల్లకెందుకు’ అని గ్రూపు మార్పించే తల్లిదండ్రులు ఒక సంగతి తెలుసుకోవాలి. బాగ్దాదులో పుట్టిన జహా హదీద్ మొదట బైరూత్‌లో గణితమే చదివింది. తర్వాత ఆర్కిటెక్చర్ నేర్చి, ఈ రంగంలో అత్యున్నతమైన ప్రిట్జ్‌కర్ పురస్కారాన్ని 2004లో అందుకున్న తొలి మహిళ అయింది.

బి.ఆర్క్. అయిదేళ్ల కోర్సు. ప్రవేశానికి కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ నిర్వహించే ‘నాటా’ పరీక్ష ఉంది. ఎన్.ఐ.టి.లు, విజయవాడ, ఢిల్లీ, భోపాల్ ఎస్.పి.ఎ.ల కోసం జె.ఇ.ఇ. మెయిన్‌లోని ఆర్కిటెక్చర్ పేపరు రాయాలి. రెంటిలోనూ చేత్తో బొమ్మ గీయవలసి ఉంటుంది. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ఈ విద్యకు ప్రసిద్ధి.

రెండు జాగ్రత్తలు

1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం కౌన్సిల్‌లో పేరు నమోదైన వారే ఆర్కిటెక్టు అని చెప్పుకోవాలి. కనుక కాలేజీకి ఆ కౌన్సిల్ ఆమోదం ఉందో లేదో చూడకుండా ఫీజు కట్టవద్దు. ఆరు నెలల కంప్యూటర్ డ్రాయింగు కోర్సు చేస్తే ఆర్కిటెక్టు అయిపోరు. రెండోది, అయిదేళ్ల పాటు ఫీజుకు తోడు కాగితాలు, అట్టలు, మోడళ్లు, కంప్యూటరు ఖర్చు ఉంటుంది. చదువు పూర్తయిన తొలి సంవత్సరాల్లో ఆదాయం అంతంత మాత్రమే. ఈ లెక్క ముందే వేసుకుని, స్కాలర్‌షిప్పుల గురించి చేరే ముందే విచారించాలి. సగంలో మానిపించడం పిల్లవాడికి మనం చేసే పెద్ద అన్యాయం.

పెళ్లి ఖర్చుకు అప్పు చేయడానికి వెనుకాడని మనం, చదువు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు లెక్కలు చూస్తున్నాం? తాత తాపీ పట్టాడు, తండ్రి తాపీ పట్టాడు. ఆ పని హలాల్ సంపాదన, అందులో చిన్నతనం లేదు. ఆ ఇంటి మనవడో మనవరాలో నక్షా గీస్తే, తాత చేతిలోని నేర్పు వృథా కాదు, ఇంకో మెట్టు ఎక్కుతుంది. మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యను అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.