నిర్బంధితుని ప్రశ్న

“నన్నెందుకు నిర్బంధించారు?” అని న్యాయస్థానం ద్వారా పాలకులను నిలదీసే సాధనమే హెబియస్ కార్పస్. 1975 జూన్‌లో అత్యవసర పరిస్థితి విధించిన పిమ్మట, విచారణ లేకుండా నిర్బంధింపబడినవారు ఈ ప్రశ్నతోనే కోర్టుల నాశ్రయించారు. పలు హైకోర్టులు వారి మొర ఆలకించాయి. కాని అత్యవసర పరిస్థితిలో వారికా హక్కు లేదని 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

ఐదుగురు న్యాయమూర్తులలో జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. ప్రాణానికీ వ్యక్తిస్వేచ్ఛకూ 21వ అధికరణం ఒక్కటే ఆధారం కాదనీ, చట్టబద్ధ పాలన ఉన్నచోట ఆ రక్షణ ఎప్పుడూ ఉంటుందనీ ఆయన వాదన. 1977లో ఆయనను కాదని జూనియర్‌ను ప్రధాన న్యాయమూర్తిగా నియమించారు; ఆయన రాజీనామా చేశారు.

20, 21 అధికరణాల అమలును ఎట్టి అత్యవసర పరిస్థితిలోనూ నిలిపివేయరాదని 1978లో 44వ రాజ్యాంగ సవరణ నిర్దేశించింది. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం పాత తీర్పును త్రోసిపుచ్చింది.

హక్కు గ్రంథంలో ఉన్నంత మాత్రాన చాలదు. అడిగేవాడూ, నిర్భయంగా ఆలకించేవాడూ ఉన్నప్పుడే అధికారం జవాబు చెబుతుంది.