తగ్గేది వడ్డీ కాదు

క్రెడిట్ కార్డు పేరిట మోగే ఫోన్లలో విసిగించేవి కొన్ని, దోచుకునేవి కొన్ని. రెంటికీ ఒకటే గొంతు

మధ్యాహ్నం భోజనానికి కూర్చోగానే సెల్ మోగుతుంది. "సార్, కార్డు విభాగం నుంచి మాట్లాడుతున్నాం. బిల్లు సక్రమంగా కడుతున్నారు కాబట్టి మీకు వడ్డీ తగ్గిస్తున్నాం." గొంతులో వినయం, వెనక కాల్‌సెంటర్ సందడి. మీ పేరు తెలుసు, కార్డు చివరి నాలుగంకెలూ తెలుసు. నమ్మకపోవడానికి కారణమేముంది?

పైగా ఎర గట్టిది. మన దేశంలో చాలా కార్డుల బాకీపై నెలకు 3 శాతం, అంతకు మించి వడ్డీ పడుతుంది. అంటే ఏడాదికి 36 శాతం పైమాటే. 30 శాతం దాటరాదంటూ జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో ఇచ్చిన తీర్పును సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టేసింది. బాకీలో కూరుకుపోయినవారికి తగ్గింపు మాట చల్లగానే తాకుతుంది.

నిజానికి కార్డు నంబరు ఒక్కటే దొరికితే దొంగ పని పూర్తి కాదు. ఆన్‌లైన్ చెల్లింపులకు అదనపు ధ్రువీకరణను రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు నుంచి తప్పనిసరి చేసింది. ఇప్పుడు మామూలుగా వాడుతున్న ఓటీపీ వచ్చేది ఖాతాదారు ఫోనుకే. దాంతో దొంగలు తాళం పగలగొట్టడం మాని, యజమాని చేతే తలుపు తీయించడం నేర్చారు. జార్ఖండ్‌లోని జామ్‌తారా జిల్లా ఈ విద్యకే పేరుమోసింది. ఈశ్వరచంద్ర విద్యాసాగర్ చివరి దశలో చాలా ఏళ్లు గడిపిన కర్మాటాడ్ ఆ జిల్లాలోదే.

అక్కర్లేని ఫోన్లను ఆపడానికి ట్రాయ్ 2007లోనే జాబితా పెట్టింది. 1909కు ఫోన్ చేసి అందులో చేరవచ్చు. కానీ దాన్ని పాటించాల్సింది వ్యాపార సంస్థలు. దొంగ జాబితా చూసుకుని ఫోన్ చేయడు. ప్రచార ఫోన్లకు 140తో, బ్యాంకుల సేవా ఫోన్లకు 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించింది కూడా ఈ తేడా తెలియడానికే. ఇందులో బ్యాంకుల తప్పూ ఉంది. వాటి ఏజెంట్లు ఏళ్ల తరబడి మామూలు సెల్ నంబర్ల నుంచి ఫోన్ చేసి "వెరిఫికేషన్ కోసం" పుట్టినతేదీ అడిగారు. ముక్కూమొహం తెలియనివారికి జవాబు చెప్పే అలవాటు మనకు అలా అబ్బింది.

దీనికి విరుగుడు చిన్నదే. ఎవరైనా ఓటీపీ, సీవీవీ అడిగినా, ఏదో యాప్ వేసుకోమన్నా వాదన పెట్టుకోకుండా ఫోన్ పెట్టేయాలి. సందేహముంటే కార్డు వెనక ముద్రించిన నంబరుకు మనమే చేయాలి.

ఒకవేళ చెప్పేస్తే? ఖాతాదారు తానే రహస్య వివరాలు ఇచ్చిన పక్షంలో, బ్యాంకుకు తెలియజేసేదాకా జరిగిన నష్టం అతనిదేనని, ఆ తర్వాతి నష్టం బ్యాంకుదని రిజర్వు బ్యాంకు 2017 జూలై ఆదేశాల్లో పేర్కొంది. కనుక ముందు బ్యాంకుకు, వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. మోసపోయామన్న సిగ్గుతో ఇంట్లోనూ చెప్పక మథనపడే ఆ గంటే దొంగకు కావలసింది.