దొంగ వచ్చాడని చెప్పే తాళం

నూజివీడు చుట్టుపట్ల చిన్నరసాల కోతలు ముగిశాక తోటల్లో గదులకు తాళాలు పడతాయి. ట్రేలు, మోటారు సామాను, మందు కొట్టే డ్రమ్ములు లోపల పెట్టి గడియ వేస్తే మళ్లీ పూత దాకా అటు వెళ్లేవాళ్లు తక్కువ. క్లాసులో లివర్ల గురించి చెబుతుంటే తోట ఉన్న ఇంటి పిల్ల అడిగింది: “సార్, మేం లేనప్పుడు ఎవరన్నా తాళం తీయబోయి, రాక వెళ్లిపోతే ఆ సంగతి తాళం చెబుతుందా?”

చెప్పే తాళం ఉంది. అదంటే నాకు ప్రాణం.

మర్నాడు పాత అలీగఢ్ తాళంకప్ప ఒకటి రివెట్లు కోసి, విప్పి పిల్లల ముందు పెట్టాను. లోపల రేకుల్లాంటి లివర్లు, ఒక్కోదాన్నీ కిందికి నొక్కుతూ స్ప్రింగు. తాళంచెవి పళ్లు ఒక్కో లివర్‌నీ దాని ఎత్తుకు లేపుతాయి. లివర్లలోని గాళ్లన్నీ ఒకే వరసలోకి వస్తేనే గడియ కదులుతుంది. తక్కువ లేచినా కుదరదు, ఎక్కువ లేచినా కుదరదు. ఈ ‘ఎక్కువ’ అన్నదాన్ని 1778లో రాబర్ట్ బారన్ కనిపెట్టాడు.

పోర్ట్స్‌మత్ నౌకాస్థావరంలో దొంగతనం జరిగాక, సొంత చెవికి తప్ప లొంగని తాళం చేసినవారికి బ్రిటన్ ప్రభుత్వం 100 పౌండ్లు ఇస్తానంది. 1818లో జెరెమియా చబ్ ఆ బహుమతి గెలిచాడు. అతను అదనంగా చేర్చింది ఒక స్ప్రింగు కొక్కెం. దొంగ చేతిలోని కమ్మీ ఏ లివర్‌నైనా హద్దు దాటి లేపిందంటే కొక్కెం దాన్ని పట్టేస్తుంది. అంతే, తాళం బిగుసుకుపోతుంది. యజమాని వచ్చి అసలు చెవి పెట్టినా తిరగదు. అప్పుడే అతనికి తెలిసిపోతుంది, ఎవరో చెయ్యి పెట్టారని! బిగిసిన తాళాన్ని మామూలు స్థితికి తేవడానికి మొదట్లో వేరే చెవి ఉండేది. తర్వాత అసలు చెవినే వెనక్కి తిప్పితే సరిపోయేలా మార్చారు.

దాన్ని పరీక్షించింది పోర్ట్స్‌మత్‌లోనే ఉన్న ఒక ఖైదీ, తాళాల పనివాడు. తెరిస్తే విడుదల, పైగా 100 పౌండ్లు. నెలల తరబడి తంటాలు పడి చేతులెత్తేశాడు.

1851లో అమెరికా నుంచి ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ లండన్ వచ్చి, ఆ రకం తాళాన్నే 25 నిమిషాల్లో తెరిచాడు. గడియ మీద ఒత్తిడి పెడితే ఏదో ఒక లివర్ బిగుస్తుంది. దాన్ని లేపితే ఇంకోటి. ఎక్కడ హద్దు దాటిందో కొక్కెమే అతనికి చెప్పింది. దొంగను పట్టించాల్సినదే దారి చూపిందన్నమాట! ఓడించిన హాబ్స్ మీద కూడా నాకు చబ్ మీదున్నంత గౌరవం.

ఇప్పుడు తలుపు మొత్తానికీ పరీక్ష ఉంది, కొలత నిమిషాల్లో. యూరప్ ప్రమాణం ఈఎన్ 1627 మూడో తరగతి తలుపు మీద 50 కిలోల టైర్ల బరువును ఊపి కొడతారు. తర్వాత మనిషి గునపంలాంటి ఇనుప కడ్డీతో 5 నిమిషాలు పెకలిస్తాడు. మనిషి దూరేంత సందు పడకూడదు. నాలుగో తరగతికైతే 10 నిమిషాలు, గొడ్డలి, డ్రిల్లు కూడా. దొంగలకే కాదు, మన దేశంలో అగ్నిని ఆపే తలుపులకూ ఐఎస్ 3614 అనే ప్రమాణం ఉంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ (సీబీఆర్ఐ)లో వాటిని కొలిమికి బిగించి కాలుస్తారు.

తోట గదికైనా ఇంటికైనా తలుపు కొనేటప్పుడు రేకు మందం ఒక్కటే అడిగి ఊరుకోకండి. ద్వారబంధం, బందులు, తాళం అన్నీ కలిపి బిగించి పరీక్షించిన కాగితం చూపించమనండి.