ఒకటీ ఒకటీ కలిస్తే రెండేనా?

ఈ ప్రశ్న వింటే నవ్వు వస్తుంది. కాని మొయినాబాద్ నుంచి చేవెళ్ల వెళ్లే దారిలో మర్రిచెట్లను లెక్కపెట్టబోయి నేను తికమకపడ్డాను. ఒక చెట్టు ఊడ నేలలో దిగి మాను అయింది. ఇప్పుడక్కడ ఉన్నది ఒకటా, రెండా?

రెండు నీటిబొట్లు కలిస్తే ఒకే బొట్టు కదా, కనుక గణితసత్యాలు కూడా మన ఊహలేనని కొందరు భావవాదులు తేల్చేస్తారు. అది తొందరపాటు. జర్మన్ తార్కికుడు ఫ్రేగె 1884లో ప్రచురించిన 'అంకగణిత పునాదులు' అనే గ్రంథంలో ఈ ముడి విప్పాడు. సంఖ్య చెప్పడమంటే ఒక భావనను గురించి చెప్పడమే. ‘మాను’ అని లెక్కిస్తే రెండు. ‘చెట్టు’ అని లెక్కిస్తే ఒకటి. కూడిక ఎక్కడా చెడలేదు. దేనిని ఒకటిగా ఎంచాలో ముందు మనం తేల్చుకోవాలి.

ఎవరు తేలుస్తారన్నదే రచయితలు అడగవలసిన ప్రశ్న. మహారాష్ట్రలో చెరుకు కోతకు వెళ్లే భార్యాభర్తలను కలిపి ఒకే ‘కొయ్తా’గా లెక్కగడతారు. కొయ్తా అంటే చెరుకు నరికే కత్తి. అక్కడ ఒకటీ ఒకటీ ఒకటే! గణితం అబద్ధమాడలేదు, ఆమెను విడిగా ఎంచనివారు అబద్ధమాడారు. మన కథల్లో కూలి కుటుంబాన్ని చిత్రించేటప్పుడు మనం రాస్తున్నది ఎవరి లెక్క?